డ్వాక్రా అనే తెలుగు మాట

‘మా అమ్మ డ్వాక్రా మీటింగుకి వెళ్ళింది.’ ఈ వాక్యాన్ని శ్రీకాకుళంలో అన్నా, ఆదిలాబాద్‌లో అన్నా ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. డ్వాక్రా గ్రూపు, డ్వాక్రా లోను, డ్వాక్రా బజారు, డ్వాక్రా మహిళలు... మాట ఎంతగా ఇంకిపోయిందంటే, అది ఒక ప్రభుత్వ పథకం ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాల ముద్ద అని గుర్తు రావడానికి కాస్త ఆగాలి. గ్రామీణ ప్రాంతాల్లో స్త్రీల, పిల్లల అభివృద్ధి అని ఆ పేరుకి అర్థం. 1982లో యూనిసెఫ్ సాయంతో, దేశం మొత్తం మీద 50 జిల్లాల్లో మొదలుపెట్టారు. పది పదిహేను మంది ఆడవాళ్ళు కలిసి గుంపు కడితే 15,000 రూపాయల నిధి. అందులో కేంద్రం అయిదు వేలు, రాష్ట్రం అయిదు వేలు, యూనిసెఫ్ అయిదు వేలు. 1999 ఏప్రిల్‌లో దాన్ని మరో పథకంలో కలిపేసి పేరు తీసేశారు. అంటే ఆ పేరుతో పథకమన్నది లేక పాతికేళ్ళు దాటింది. ఆ తర్వాత వెలుగు వచ్చింది, ఇందిర క్రాంతి పథం వచ్చింది, ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మీద పేరు మారింది. జనం మాత్రం డ్వాక్రా అనే అంటున్నారు. మరీ పట్టింపు ఉన్నవాళ్ళు ‘వెలుగు ఆఫీసు’ అంటారు.

పథకం పోయి మాట మిగలడం నాకు ఆసక్తికరంగా అనిపిస్తుంది. ఎందుకంటే ఏ ప్రాజెక్టు ముగిసినా చివర్లో ఒక మూల్యాంకన నివేదిక రాస్తారు. ఈ సంగతి రాయడానికి అందులో గడి ఉండదు.

విదేశీ సాయంతో నడిచే పనుల్ని బేరీజు వేయడానికి ధనిక దేశాల కూటమి ఓఈసీడీలోని అభివృద్ధి సాయ కమిటీ 1991లో అయిదు కొలబద్దలు ఖాయం చేసింది. అవసరమైన పనేనా, అనుకున్నది జరిగిందా, ఖర్చుకి తగ్గట్టు జరిగిందా, మనుషుల బతుకుల్లో ఏం మారింది, డబ్బు ఆగిపోయాక కూడా నిలుస్తుందా. 2019లో ఆరోది చేర్చారు: పక్కన నడుస్తున్న మిగతా పనులతో పొసుగుతోందా అని. వీటిలో తప్పు పట్టడానికేం లేదు. వంతెనకో, మంచినీళ్ళ పథకానికో చక్కగా సరిపోతాయి. చిక్కల్లా, కట్టింది వంతెన కాకుండా సంఘం అయినప్పుడు. వంతెన తనని ఎవరు కొలిచారో పట్టించుకోదు. సంఘం అలా కాదు. దాన్ని కొలిచినవాళ్ళు ఏం తేల్చారన్నదాన్ని బట్టి దాని తాళంచెవి చేతులు మారుతుంది.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకంటే, 2022 జూన్‌లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ మహాసభ ‘సామాజిక, సంఘీభావ ఆర్థిక వ్యవస్థ’ అంటే ఏమిటో నిర్వచిస్తూ తీర్మానం చేసింది. సహకార సంఘాలు, పరస్పర సహాయ సంఘాలు వగైరాల పక్కనే స్వయం సహాయక బృందాల్ని కూడా పేరు పెట్టి చేర్చింది. 2023 ఏప్రిల్‌లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ కూడా దీని మీద ఒక తీర్మానం ఆమోదించింది. లాభం కోసం కాకుండా సభ్యుల కోసం, ఊరి కోసం నడిచే సంస్థల్ని పెంచేలా దేశాలు విధానాలు చేసుకోవాలని దాని సారాంశం. విధానాలు వస్తే వాటి వెంట ప్రాజెక్టులు వస్తాయి, ప్రాజెక్టుల వెంట కన్సల్టెంట్లు, కన్సల్టెంట్ల వెంట మూల్యాంకనాలు. మాట కొత్తదే గానీ ఈ తతంగంతో మనకి నూట ముప్పై ఏళ్ళ పరిచయం ఉంది.

*

1892లో మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే ఐసీఎస్ అధికారికి ఒక పని అప్పజెప్పింది. రైతులు వడ్డీ వ్యాపారుల చేతుల్లో నలిగిపోతున్నారు, యూరప్‌లో దీనికి మందు కనిపెట్టారట, అదేమిటో చూసి రమ్మని. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ అంటే మన కోస్తా జిల్లాలు, రాయలసీమ కూడా అందులోవే. నికల్సన్ 1895లో ఒకటి, 1897లో ఒకటి, రెండు లావుపాటి సంపుటాలు రాసిచ్చాడు. జర్మనీలో రైఫైజన్ అనే పల్లెటూరి మేయరు నిలబెట్టిన పరపతి సంఘాలు అతన్ని బాగా ఆకట్టుకున్నాయి. ఊళ్ళో ఒకర్నొకరు ఎరిగున్నవాళ్ళే సభ్యులు. ఒకడు ఎగ్గొడితే అందరూ కట్టాలి, కాబట్టి ఎవడికి అప్పివ్వాలో, ఎందుకివ్వాలో అందరూ చూసుకుంటారు.

నికల్సన్‌లో నాకు నచ్చే విషయం ఒకటుంది. అన్ని వందల పేజీలు చట్టాల గురించీ నిబంధనల గురించీ రాసి, చివరికొచ్చేసరికి ఇదంతా కాదు, ముందు ఒక రైఫైజన్ లాంటి మనిషిని వెతుక్కోండి అని తేల్చాడు. అక్కడి నియమావళిని తెచ్చి ఇక్కడ అంటించినంత మాత్రాన సంఘం పుట్టదని అతనికి అర్థమైంది. మద్రాసులో అప్పటికే నడుస్తున్న నిధుల్ని కూడా వివరంగా చూశాడు. ఇక్కడి వాళ్ళకి కూడబలుక్కుని డబ్బు దాచుకోవడం రాదని అతను అనుకోలేదు.

ప్రభుత్వం ఆ నివేదిక చదివి ఏం చేసింది? 1904లో చట్టం చేసి, రైఫైజన్ ఉండాల్సిన చోట రిజిస్ట్రారుని కూర్చోబెట్టింది. సంఘాన్ని నమోదు చేసేదీ, లెక్కలు తనిఖీ చేసేదీ, మూసేయాలా వద్దా అని చెప్పేదీ అతనే. జర్మనీలో కింద నుంచి మొలిచిన మొక్క మన దగ్గర కచేరీ నుంచి దిగుమతి అయింది.

*

రెండో మూల్యాంకనం చాలా పెద్దది. అసలు ప్రపంచంలోనే అప్పటికి అంత పెద్ద గ్రామీణ సర్వేలు అరుదు. స్వాతంత్ర్యం వచ్చాక రిజర్వు బ్యాంకు 1951లో అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే తలపెట్టింది. 75 జిల్లాలు, 600 ఊళ్ళు, లక్షా పాతిక వేలకి పైగా కుటుంబాలు. ఏ.డి. గోర్వాలా అధ్యక్షుడు, డి.ఆర్. గాడ్గిల్, బి. వెంకటప్పయ్య, ఎన్.ఎస్.ఆర్. శాస్త్రి మిగతా సభ్యులు. 1954 చివర్లో నివేదిక వచ్చింది.

అందులో ఒక అంకె చూసి దేశం దిమ్మెరపోయింది. రైతులు చేసే అప్పుల్లో సహకార సంఘాల నుంచి వస్తున్నది నూటికి 3.1. యాభై ఏళ్ళు నడిపాక ఇదీ ఫలితం. వడ్డీ వ్యాపారుల వాటానేమో, వృత్తిగా చేసేవాళ్ళదీ, వ్యవసాయం చేసుకుంటూ వడ్డీలకి తిప్పేవాళ్ళదీ కలిపితే, దాదాపు 70. సహకారం ఓడిపోయిందని కమిటీ తేల్చింది. అయినా అది గెలవక తప్పదని కూడా తేల్చింది. ఇంతవరకూ బాగానే ఉంది. ఎందుకు ఓడిపోయిందన్న దగ్గర వాళ్ళ వాదన చాలా పదునైనది కూడా: ఊళ్ళో బలహీనులందరూ కలిసినా బలహీనులే, వాళ్ళ ఎదురుగా ఉన్న షావుకారుకి పట్నంలో బ్యాంకు, మార్కెట్టు, కచేరీ అన్నీ అండగా ఉన్నాయి, అలాంటప్పుడు చేతులు కట్టేసి కుస్తీకి దింపితే ఎవరు గెలుస్తారు?

మందు ఏమిటంటే, ప్రభుత్వమే సంఘాల్లో భాగస్వామి కావాలి, వాటాధనం పెట్టాలి. ఈ నివేదిక వల్లే 1955లో ఇంపీరియల్ బ్యాంకు స్టేట్ బ్యాంకు అయింది. అది మంచి పనే అనుకుంటాను. కానీ సహకార సంఘాల విషయంలో ఏం జరిగిందో మన ఊళ్ళలో పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. వాటా పెట్టినవాడు డైరెక్టర్లని వేస్తాడు. డైరెక్టర్లని వేసేవాడు నచ్చకపోతే పాలకవర్గాన్ని తీసేస్తాడు. ఆంధ్రప్రదేశ్ 1964 సహకార చట్టం కింద ఎన్నికలు వాయిదా వేయడం, పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టడం ఎంత మామూలైపోయాయంటే, ‘సొసైటీ’ అంటే ఎరువుల బస్తాలు వచ్చే గవర్నమెంటు గోడౌను అనే అర్థం స్థిరపడిపోయింది. తర్వాత కొన్నేళ్ళకే, ఈ సర్వే కమిటీ ధోరణి తనకి నచ్చలేదని నెహ్రూయే బహిరంగంగా అన్నాడు. అప్పటికి బండి కదిలిపోయింది.

ఆ సర్వే అంకెల్లో తప్పేమీ లేదు. కొలిచిందే ఒకటి: మొత్తం అప్పులో సంఘాల వాటా ఎంత అని. ఆ 3.1 శాతం లోపల సభ్యులు తామే నిర్ణయాలు తీసుకుని నడుపుకున్న సంఘాలు ఎన్ని, రిజిస్ట్రారు చెప్పినట్టు ఆడినవి ఎన్ని, రెంటికీ తేడా ఏమిటి అన్నది ప్రధాన ప్రశ్న అయ్యుంటే మందు వేరే రాసేవాళ్ళేమో. డబ్బు ఎంత చేరిందన్నది ప్రశ్న అయినప్పుడు ఎక్కువ డబ్బు పెట్టడమే జవాబు అవుతుంది.

ఆ చిక్కుముడి విప్పడానికి మనకి నలభై ఏళ్ళు పట్టింది. 1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేసింది. అందరూ ‘మ్యాక్స్’ చట్టం అంటారు. ప్రభుత్వ వాటాధనం ఉండదు, బైలాలు సభ్యులే రాసుకుంటారు, పాలకవర్గాన్ని రిజిస్ట్రారు రద్దు చేయలేడు. ఇలాంటి చట్టం దేశంలో ఇదే మొదటిది, తర్వాత వేరే రాష్ట్రాలు చూసి రాసుకున్నాయి. దీని వెనక హైదరాబాదులోని సహకార అభివృద్ధి సంస్థ లాంటి వాళ్ళ ఏళ్ళ తరబడి పోరు ఉంది. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో ఆడవాళ్ళతో, మగవాళ్ళతో విడివిడిగా పొదుపు సంఘాలు పెట్టించి, బయటి నిధి తీసుకోకుండా నడిపి చూపించిన వాళ్ళు వీళ్ళు. ములుకనూరు మహిళల పాల డెయిరీ ఈ నేల మీదే లేచింది. మన తెలుగు చరిత్ర పుస్తకాల్లో ఈ చట్టానికి ఒక పేరా కూడా దక్కకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

*

ఇదంతా ఒక పాయ. ఇంకో పాయ నెల్లూరులో, సారా కొట్టు ముందు మొదలైంది.

1990-91లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జోరుగా నడిచింది. రాత్రి బడుల్లో చదువుకున్న పాఠాల్లో ఒకటి సీతమ్మ కథ. తాగుడు వల్ల కుటుంబం చితికిపోయిన ఒకామె, ఊళ్ళో ఆడవాళ్ళని కూడగట్టి సారా దుకాణం మూయించడం అందులో సంగతి. పాఠం చదివి దుకాణం మీదికి వెళ్ళారని చెప్పడం కథని మరీ తేలిక చేయడమే. అప్పటికే సారా ప్యాకెట్టు ఇంటి గడప దాకా వచ్చేసింది, కూలి డబ్బు ఇంటికి రావడం మానేసింది. పాఠం చేసిందల్లా అందర్నీ ఒక లాంతరు కింద కూర్చోబెట్టి ఆ మాట పైకి అనిపించడం. దూబగుంట ఆడవాళ్ళు సారా అమ్మకాన్ని ఆపించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

తర్వాత వచ్చింది పొదుపు. సారాకి పోయే డబ్బులో రోజుకి ఒక్క రూపాయి పక్కన పెట్టండని జిల్లా అధికారులు ప్రచారం చేశారు. పొదుపు లక్ష్మి అని పేరు. అప్పటికి పదేళ్ళుగా కాగితాల మీద కునుకుతున్న డ్వాక్రాకి ప్రాణం వచ్చింది ఇక్కడే. పైనుంచి వచ్చిన 15,000 కంటే, కింద నుంచి వచ్చిన రోజుకో రూపాయి ఎక్కువ పని చేసిందని నేను నమ్ముతాను. నెలకి 30 రూపాయలు వేసుకునే పన్నెండు మంది ఆడవాళ్ళకి, ఆ డబ్బు ఎవరికి ముందు ఇవ్వాలి, ఆసుపత్రికా, ఎరువుకా, కూతురి పురుడుకా అని నిర్ణయించుకోవడం వచ్చింది. నూటికి రెండు రూపాయల వడ్డీ తమలో తామే కట్టుకున్నారు. ఆ వడ్డీ మళ్ళీ సంఘానికే.

1990ల నడుమ యూఎన్‌డీపీ తన దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమాన్ని కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో 20 మండలాల్లో మొదలుపెట్టింది. గుంపులన్నీ కలిసి ఊరికో సమాఖ్య, ఊళ్ళన్నీ కలిసి మండలానికో సమాఖ్య అన్న నిర్మాణం గట్టిపడింది ఇక్కడ. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండల సమాఖ్యని చూడటానికి దేశవిదేశాల నుంచి మనుషులు వచ్చేవారు. 2000లో ప్రపంచ బ్యాంకు 11 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పుతో ఆరు జిల్లాల్లో ‘వెలుగు’ మొదలుపెట్టించింది. 2003లో మరో 15 కోట్ల డాలర్లతో మిగతా గ్రామీణ జిల్లాలకి విస్తరించింది. చాలా సమాఖ్యలు మ్యాక్స్ చట్టం కిందే నమోదయ్యాయి. రెండు పాయలూ కలిశాయి అక్కడ.

*

ఇక మూడో మూల్యాంకనం. ప్రపంచ బ్యాంకుకి చెందిన క్లాస్ డైనింగర్, యాన్యాన్ లియు అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వెలుగు ఫలితాల మీద 2009లో పరిశోధన పత్రాలు ప్రచురించారు. 2004లో, 2006లో జరిగిన ఇంటింటి సర్వేలు వాటికి ఆధారం. పద్ధతి చెప్పుకోవడం తేలిక: సంఘంలో ఉన్న ఒకామె, అన్ని విధాలా ఆమెలాగే ఉండి సంఘంలో లేని ఇంకొకామె, ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి తేడా చూడటం. అలాగే ప్రాజెక్టు ముందుగా చేరిన చోట్లనీ, ఆలస్యంగా చేరిన చోట్లనీ పోల్చడం.

నిజాయితీగా చేసిన పనే. మొదటి ఏళ్ళలో ఆదాయంలో, ఆస్తుల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదని వాళ్ళే రాశారు. తిండి మెరుగైందని, ఆడవాళ్ళ మాట చెల్లుబాటు పెరిగిందని రాశారు. ఎక్కువ ఏళ్ళు ప్రాజెక్టులో ఉన్న చోట ఖర్చు పెట్టే శక్తి, తిండి, ఆస్తులు పెరిగాయని రెండో పత్రంలో చూపించారు. తిండి సంగతి ఊరికే రాలేదు. ఊరి సమాఖ్య బియ్యం టోకుగా కొని, సభ్యులకి అప్పు మీద ఇచ్చి, వాయిదాల్లో తీసుకునేది. కూలి దొరకని నెలల్లో షావుకారు దగ్గరికి వెళ్ళక్కర్లేకపోవడం అంటే ఏమిటో అనుభవించిన ఇంటికి గ్రాఫు అవసరం లేదు.

ఆ పత్రాల్లో రెండు సంగతులు మాత్రం నన్ను ఆపేస్తాయి. మొదటిది: ప్రాజెక్టు వచ్చాక కొత్తగా చేరినవాళ్ళకి ఒకరకం ఫలితాలు, ముందు నుంచీ గుంపుల్లో ఉన్నవాళ్ళకి ఇంకోరకం. తిండిలో మెరుగు కొత్తవాళ్ళలోనే ఎక్కువ కనిపించింది. మామూలుగా చదివితే, పాత గుంపులకి ప్రాజెక్టు వల్ల ఒరిగింది తక్కువ అనిపిస్తుంది. చరిత్ర తెలిస్తే ఇంకోలా చదవొచ్చు. పాత గుంపులకి రావాల్సింది కొంత ముందే వచ్చేసింది. అది రోజుకో రూపాయితో, ప్రాజెక్టుకి ముందే. మూల్యాంకనానికి ఒక మొదటి రోజు ఉండాలి, దాన్నే బేస్‌లైన్ అంటారు. ఆ రోజుకి ముందు జరిగిందంతా ‘అప్పటి పరిస్థితి’ అనే ఒకే గడిలోకి వెళ్ళిపోతుంది. రాత్రి బడి, సారా వేలం, పొదుపు లక్ష్మి అన్నీ ఆ గడిలోనే.

రెండోది: సంఘంలో చేరని ఆడవాళ్ళ స్థితి కూడా ఆ ఊళ్ళలో మెరుగైంది. బయటికి వెళ్ళడం, ఇంట్లో నిర్ణయాల్లో మాట చెల్లడం లాంటివి. లెక్క వేసేవాళ్ళకి ఇదొక తలనొప్పి. పోల్చడానికి పక్కన నిలబెట్టిన మనిషి కూడా మారిపోతే తేడా ఎలా చూపిస్తారు? వాళ్ళు దీన్ని దాచకుండా రాసినందుకు మెచ్చుకోవాలి. కాకపోతే ఈ ‘తలనొప్పి’ వ్యవహారమే సంఘీభావం అన్న మాటకి అసలు అర్థం. నేను చేరకపోయినా మా పక్కింటామె చేరడం వల్ల మా ఆయన నోరు కాస్త అదుపులోకి రావడం.

సరిగ్గా ఆ సర్వేలు జరుగుతున్న రోజుల్లోనే, ప్రశ్నావళిలో లేని పని ఒకటి అవే ఊళ్ళలో నడుస్తోంది. సూక్ష్మరుణ కంపెనీలు దిగాయి. వాటికి కొత్తగా ఎవర్నీ కూడగట్టే కష్టం లేదు. వారం వారం కూర్చోవడం, కిస్తీ కట్టడం, ఒకరికొకరు పూచీ ఉండటం అలవాటైన ఆడవాళ్ళు లక్షల్లో సిద్ధంగా ఉన్నారు. ప్రజాధనంతో, ఆడవాళ్ళ ఓపికతో తయారైన ఆ అలవాటు కంపెనీల పాలిట తాకట్టు పెట్టిన బంగారం. 2006లో కృష్ణా జిల్లాలో గొడవలు ముదిరి, జిల్లా యంత్రాంగం 50 దాకా శాఖల్ని మూయించింది. అప్పటికి సర్దుమణిగింది. 2010 జూలైలో హైదరాబాదు కంపెనీ ఒకటి స్టాక్ మార్కెట్‌కి వెళ్ళి వాటాలు అమ్ముకుంది. అదే ఏడాది అక్టోబర్‌లో, వేధింపులతో ఆత్మహత్యలన్న వార్తల నడుమ, రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది: కంపెనీలు జిల్లాలో నమోదు కావాలి, వసూళ్ళు నెలకోసారి, అదీ పంచాయతీ ఆఫీసు దగ్గర, అసలు కంటే వడ్డీ మించకూడదు, సంఘం అప్పు ఉన్నామెకి అనుమతి లేకుండా రెండో అప్పు ఇవ్వకూడదు.

ఆ కంపెనీలు కూడా మూల్యాంకనం చేయించుకునేవే. తిరిగి చెల్లింపుల రేటు తొంభై శాతానికి ఎంతో పైన అని గొప్పగా చెప్పుకునేవి. విదేశీ మదుపరులకి ఆ ఒక్క అంకె చాలు: కడుతున్నారంటే బాగుపడుతున్నట్టే. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేసినా ఆ అంకె అలాగే మెరుస్తుంది. ఆర్డినెన్స్ వచ్చిన కొద్ది వారాల్లో అది కుప్పకూలింది.

అలాగని ప్రభుత్వం చేతులు శుభ్రంగా ఉన్నాయని కాదు. పావలా వడ్డీ దగ్గర్నుంచి రుణమాఫీ హామీల దాకా, ప్రతి ఎన్నికలోనూ డ్వాక్రా గుంపుల్ని ఓట్ల మూటలుగా బేరీజు వేసినవాళ్ళు రెండు మూడు పార్టీలలోనూ ఉన్నారు. మాఫీ వస్తుందని కిస్తీలు ఆపిన సంఘం, తర్వాత బ్యాంకు మేనేజరు ముందు ఎలా నిలబడిందో ఏ మేనిఫెస్టోలోనూ రాయరు. ముఖ్యమంత్రి సభకి బస్సుల్లో ఎక్కించాల్సి వచ్చినప్పుడు జాబితా సంఘాల రిజిస్టరు నుంచే తీస్తారు. రిజిస్ట్రారు చేతిలోంచి 1995లో కాగితం మీద తప్పించుకున్న సంస్థ, మండల ఆఫీసు చేతిలో మళ్ళీ పడింది.

*

ఆంధ్రా నమూనా అప్పటికే దేశం మీదికి వెళ్ళిపోయింది. 2011లో కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలుపెట్టింది, ప్రపంచ బ్యాంకు 100 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. అంతకుముందే బీహార్‌లో ‘జీవిక’ నడుస్తోంది. అక్కడ గుంపులు కట్టించడానికి మన పల్లెల నుంచి సీనియర్ సంఘ సభ్యులు వెళ్ళారు. సీఆర్‌పీలు అంటారు వాళ్ళని. తెలుగు పల్లెటూరి ఆడవాళ్ళు బీహార్ టోలాల్లో కూర్చుని, పొదుపు పుస్తకం ఎలా రాయాలో చూపించారు. నికల్సన్ జర్మనీ నుంచి కాగితాలు తెచ్చాడు. వీళ్ళు తమనే తీసుకెళ్ళారు. ఈ ప్రయాణాల మీద ఒక మంచి తెలుగు నవల ఎవరైనా రాయాలని నా కోరిక.

జీవిక విస్తరణ మీద జరిగిన మూల్యాంకనం, ఈ రంగంలో అందరూ గౌరవించే పద్ధతిలో చేసింది. 180 పంచాయతీలు తీసుకుని, చీటీలు వేసినట్టు సగం చోట్ల ముందు మొదలుపెట్టి, సగం చోట్ల ఆపి, 2011లో ఒకసారి, 2014లో ఒకసారి వేలాది ఇళ్ళలో సర్వే చేశారు. తేలింది ఏమిటంటే, అధిక వడ్డీ అప్పులు బాగా తగ్గాయి. ఊళ్ళో వడ్డీ వ్యాపారులు కూడా రేటు దించాల్సి వచ్చింది. మిగతా చాలా విషయాల్లో, ఖర్చు పెట్టే శక్తిలో గానీ, ఆడవాళ్ళ సాధికారతలో గానీ, పెద్ద తేడా కనిపించలేదు. అదే జీవిక మొదటి దశలో, ఓపికగా ఏళ్ళ తరబడి పని చేసిన ఊళ్ళలో, మార్పు ఎక్కువ కనిపించిందని అంతకుముందు అధ్యయనాలు చెప్పాయి. ఊళ్ళో నాలుగేళ్ళు కూర్చుని చూసిన సమాజశాస్త్రవేత్తలు కారణం కూడా చెప్పారు. వేగంగా విస్తరించేటప్పుడు గుంపులు కట్టించే పని లక్ష్యాల పట్టికగా మారిపోయింది, మొదటి దశలో ఇంటింటికీ తిరిగి మాట్లాడిన తీరు పోయింది. గడువులోగా ఇన్ని గుంపులు అన్నప్పుడు, గుంపు అయితే తయారవుతుంది.

2014లో ఆ సర్వే ముగిసింది. మరుసటి ఏడాది, 2015 జూలైలో, పాట్నాలో ఒక సభ జరిగింది. జీవిక ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో వచ్చారు. ముఖ్యమంత్రి నితీశ్ కుమార్ మాట్లాడి కూర్చున్నాక వెనక నుంచి కొందరు ఆడవాళ్ళు అరవడం మొదలుపెట్టారు, సారా మూయించమని. ఆయన మళ్ళీ మైకు దగ్గరికి వచ్చి, తిరిగి అధికారంలోకి వస్తే మద్యం నిషేధిస్తానన్నాడు. 2016 ఏప్రిల్‌లో నిషేధించాడు కూడా. ఆ నిషేధం వల్ల ఎంత మేలు, ఎంత కీడు జరిగిందో అది వేరే పెద్ద తగువు. కల్తీసారా చావులూ, జైళ్ళలో నిండిన పేదవాళ్ళూ ఆ లెక్కలో ఉన్నారు. నెల్లూరులో సారా మీద తిరగబడ్డాక పొదుపు మొదలైంది. బీహార్‌లో పొదుపు గుంపుల్లో పదేళ్ళు కూర్చున్నాక సారా మీదికి వెళ్ళారు. వాళ్ళకి పొదుపు పుస్తకం రాయడం నేర్పిన ఆడవాళ్ళలో కొందరు, తమ ఊళ్ళలో సారా కొట్టు మూయించిన తరం వాళ్ళే.